చిలుక బాగుంది, వక్క తెగుతుందా?

అడకత్తెర కొనడానికి వెళ్ళినవాళ్ళ కళ్ళు ముందు చిలుకల మీదే పడతాయి. రెండు చిలుకలు ముక్కూ ముక్కూ ఆనించి కూర్చుంటాయి. వాటి తోకలే సాగి పిడులవుతాయి. మెడ మీద ఈకల గీతలు, కంటి దగ్గర ఎర్రరాయి. దుకాణం దీపాల కింద ఎవరికైనా మనసవుతుంది. ఇంటికి తెచ్చి బాగా ఎండిన వక్క పెట్టి నొక్కితే వక్క చెక్కుచెదరదు, చిలుక మెడ మాత్రం వంగుతుంది. ఇవాళ బజారులో దొరికే తాంబూలం సరంజామాలో ఇలాంటి సరుకు చాలా ఉంది. పెళ్ళికానుకగా ఇవ్వడానికి, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి చేసిన వస్తువులివి. అలా చేయడం తప్పేమీ కాదు గానీ, అమ్మేవాడు ఆ మాట చెప్పడు. అందుకే ఇక్కడ ప్రతి వస్తువునూ ఒకే తీరున తూచాం: చేయాల్సిన పని చేస్తుందా? మీదున్న నగిషీ ఆ పనికి సాయపడుతుందా, అడ్డు తగులుతుందా?

అడకత్తెరలో చూడాల్సినవి మూడు: అలుగు, చీల, పిడుల మధ్య సందు. అడకత్తెర పైచేతికి అలుగు, అంటే కోసే కత్తి, ఉంటుంది, కిందిచేయి వక్క కూర్చునే చోటు. రెండూ ఒక కొసన చీలతో కలుస్తాయి. వక్కను చీలకు 3 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, పిడిని 15 సెంటీమీటర్ల దగ్గర పట్టి నొక్కితే చేతి బలం ఐదింతలై వక్క మీద పడుతుంది. అదే వక్కను 5 సెంటీమీటర్ల దగ్గర పెడితే మూడింతలే. అలాగైతే వక్కను చీలకు ఆనించే పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది. 2 సెంటీమీటర్ల లావున్న వక్క 3 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటే పిడుల కొసలు 10 సెంటీమీటర్లు తెరుచుకుంటాయి. అంత వెడల్పు ఒక్క గుప్పిటకు చిక్కదు. అందుకే మొదటి కోతకు కిందిపిడిని పీట మీద ఆనించి, పైపిడిని అరచేతితో అదుముతారు. వక్క రెండు చెక్కలయ్యాక ఒక చేయి చాలు.

నగిషీ గురించి మాట్లాడాల్సింది కూడా ఇక్కడే. కిందిపిడి అడుగు చదునుగా ఉండాలి. రెండు వైపులా ఉబ్బెత్తుగా చిలుకలు పోతపోసిన అడకత్తెరను పీట మీద పెట్టి చూడండి, ఊయలలా ఊగుతుంది. మొదటి కోతలో అది ఒక పక్కకు వాలుతుంది, అలుగు వంకరగా దిగుతుంది, వక్క ఎగిరి మంచం కిందికి పోతుంది. పాతకాలపు పనివాడు పైచేతి వీపు మీద నెమలిని నిలబెట్టినా, కిందిచేతి అడుగున గీతలతో సరిపెట్టేవాడు. అది పిసినారితనం కాదు, పనితెలివి.

పిడుల మధ్య సందు సంగతి. అలుగు పూర్తిగా మూసుకున్నాక కూడా పిడుల మధ్య కనీసం ఒక వేలు పట్టేంత ఖాళీ మిగలాలి. అందుకే మంచివాటిలో చేతులు విల్లులా బయటికి వంగి ఉంటాయి. ఖాళీ లేకపోతే వక్క తెగిన క్షణంలో పిడులు టక్కున మూసుకుని అరచేతి కండను పట్టేస్తాయి. రక్తం చిమ్మదు గానీ నల్లగా కమిలిపోతుంది. కొనేముందు వక్క లేకుండానే గట్టిగా ఒకసారి మూసి చూస్తే ఈ లోపం బయటపడుతుంది.

చీల పరీక్ష ఇంకా తేలిక. పిడులు పట్టుకుని ముందుకీ వెనక్కీ కాకుండా పక్కలకు ఊపండి. కటకటమంటే వద్దు. అలుగు కిందిచేతి మీదికి ప్రతిసారీ ఒకే చోట దిగాలి. చీల వదులైతే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు దిగి వక్కను కోయకుండా నలుపుతుంది. తర్వాత పలచని కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి. చీల దగ్గరి నుంచి కొస దాకా కాగితం ఒకే బిగువున పట్టుబడాలి. కొసన పట్టి మధ్యలో జారిందంటే అలుగు అరిగిందనో, పోతలోనే వంపు వచ్చిందనో లెక్క. కొత్తదానిలో ఈ వంపు ఉంటే తిరిగి ఇచ్చేయండి. పాతదానిలో ఉంటే సాన పట్టించుకోవచ్చు.

రకాల మాటకొస్తే, పూర్తి ఇత్తడి పోతతో వచ్చే చిలుకల అడకత్తెరలు చూపుకు అన్నిటికన్నా బాగుంటాయి, పనికి అన్నిటికన్నా వెనకబడతాయి. వీటిలో అలుగు కూడా ఇత్తడే. ఎండు వక్క ముందు ఇత్తడి అంచు నిలవదు, కొద్ది రోజుల్లోనే మడత పడుతుంది. సాన పడితే రెండు రోజులు తెగి మళ్ళీ మొండికేస్తుంది. అయస్కాంతంతో తేల్చుకోవచ్చు: చేతులకు అంటకూడదు, అలుగుకు అంటుకోవాలి. రెండిటికీ అంటకపోతే ఇత్తడి అలుగే అని దాదాపు ఖాయం. రెండిటికీ అంటితే ఇనుము మీద ఇత్తడి పూత, తూకానికి ఇత్తడి ధర పెట్టొద్దు. ఈ చిలుకల రకం పండగకు తాంబూలం పళ్ళెంలో అలంకారానికి సరే. రోజూ వక్కాకు వేసుకునే ఇంట్లో ఇది ఆకుకు అందని, పోకకు పొందని వస్తువు.

ఇత్తడి చేతులకు ఉక్కు అలుగు అమర్చిన రకానికి మా ఓటు. 6 నుంచి 8 అంగుళాల పొడవుంటే చేతికి సరిపోతుంది. అలుగును ఇత్తడి చేతిలోని గాడిలో దించి రివెట్లు కొడతారు. ఆ రివెట్లు రెండుండాలి. ఒక్కటే ఉంటే దాని చుట్టూ అలుగు తిరుగుతుంది. పైకి కనిపించకుండా టంకంతో అతికినవి కూడా వస్తున్నాయి. వాటిని గోటితో తట్టితే మొద్దుగా మోగుతాయి, కొంతకాలానికి అతుకు విడిపోతుంది. నగిషీ పిడుల మీద సన్నని గీతలుగా, చుక్కలుగా, అల్లికగా ఉంటే చేతి చెమటలోనూ పట్టు జారదు. నగిషీ పనికి సాయపడటమంటే ఇదే. తూకానికి అమ్మేటప్పుడు ఉక్కు అలుగు బరువుకు కూడా ఇత్తడి ధర కడతారు. బేరమాడే చోటు అదే. చెక్కడం పనికి కూలి వేరే అడిగితే మాత్రం ఇవ్వాల్సిందే.

కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుప అడకత్తెర కోతలో అన్నిటికంటే మిన్న. అందం అంతంత మాత్రం: పైచేతి మీద ఉలితో కొట్టిన నాలుగు అడ్డగీతలు, పిడి కొసన చిన్న గుండ్రం. తుప్పు దీని శత్రువు. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, చీల దగ్గర ఒక చుక్క కొబ్బరినూనె వేస్తే తరాలు నిలుస్తుంది.

స్టెయిన్‌లెస్ రేకును మడిచి చేసినవి వద్దు. రేకు మెలితిరుగుతుంది.

గుజరాత్‌లోని జామ్‌నగర్ అడకత్తెరలకు పెట్టింది పేరు. అక్కడివాళ్ళు దాన్ని సూడి అంటారు, మరాఠీలో అడకిత్తా, హిందీలో సరౌతా. గుర్రాలు, ఆడమగ బొమ్మలు, చేతుల లోపల చిన్న అద్దం, పిడులకు చిరుగజ్జెలు ఇలా ఎన్ని వేషాలో. గజ్జెలు మోజుగా ఉంటాయి, వక్క తెగినప్పుడల్లా ఘల్లుమంటాయి. వాటి కొక్కేలలో వక్కపొడి చేరి గట్టిపడుతుంది, నెలకోసారి పాత పళ్ళ బ్రష్‌తో రుద్దాలి. ఇలాంటివి పదుల కొద్దీ ఒకేచోట చూడాలంటే పుణేలోని రాజా దిన్‌కర్ కేళ్కర్ మ్యూజియం, అహ్మదాబాద్‌లో విశాలా అనే భోజనశాలలో ఉన్న పాత్రల మ్యూజియం మంచి చోట్లు. కొనేముందు చూసొస్తే కన్ను కుదురుతుంది.

పాతవాటి పేరుతో మోసం కూడా నడుస్తోంది. కొత్త ఇత్తడిని మందుల్లో ముంచి నల్లబరిచి అమ్ముతారు. నిజంగా వాడిన వస్తువులో అరుగుదల చేయి తగిలిన చోటే ఉంటుంది. బొటనవేలు ఆనే దగ్గర గీతలు చెరిగిపోతాయి, చీల రంధ్రం గుండ్రం పోయి కోలగా అవుతుంది, పదే పదే సాన పట్టిన అలుగు నడుము సన్నబడుతుంది. మందుతో వచ్చిన నలుపు మూలల్లోనూ, చేయి రాసుకునే చోటా ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. అలుగు నిండుగా ఉండి ఒళ్ళంతా నల్లగా ఉన్న "తాతలనాటి" అడకత్తెరను చూస్తే నవ్వి ముందుకు నడవడమే.

కోత తీరు చెప్పకపోతే సమీక్ష సగమే. వక్కకు ఒక వైపు చదునైన అడుగు, రెండో వైపు మొన ఉంటాయి. అడుగు కిందిచేతి మీద కూర్చునేలా నిలబెట్టి, అలుగును మొన మీద ఆనించాలి. పొట్ట మీద పడుకోబెడితే దొర్లుతుంది. నెమ్మదిగా బరువు పెంచుతూ పోతే ముందు చిన్న చిటుక్కుమన్న చప్పుడు, తర్వాత ఒక్కసారిగా టక్. అలుగు పదునుగా ఉంటే రెండు చెక్కలూ నున్నగా విడిపోతాయి, లోపల జాజికాయలో లాగా తెలుపు గోధుమరంగు చారలు తేటగా కనిపిస్తాయి. మూడు నాలుగు ముక్కలై పొడి రాలితే అలుగు మొద్దుబారిందని అర్థం. తర్వాత చెక్కను కోసిన ముఖం కిందికి పెట్టి మళ్ళీ రెండు, ఆపైన గోరంత మందాన పలుకులు. పలుకులు తీసేటప్పుడు వక్కను పట్టిన చూపుడువేలు గోరు అలుగు వైపు ఉండాలి, వేలి మెత్త కాదు.

అన్ని వక్కలూ ఒకటి కావు. కర్ణాటక నుంచి వచ్చే చాలి రకం, పండిన కాయలను తొక్కతోనే నలభై రోజులకు పైగా ఎండబెట్టి తీసేది, రాయిలా ఉంటుంది. అడకత్తెరను పరీక్షించాలంటే ఇదే పెట్టాలి. లేత కాయలు ఒలిచి కోసి ఉడకబెట్టే ఎర్రవక్క ముక్కలుగానే వస్తుంది, దానికి పదును అంతగా అక్కర్లేదు. పచ్చిపోక మెత్తగా తెగుతుంది గానీ అలుగును నల్లబరుస్తుంది. వక్కలోని వగరు, ఇనుము కలిస్తే సిరా లాంటి నలుపు పుడుతుంది, ఆ మరకే పలుకుల మీద కూడా కనిపిస్తుంది. తుప్పనుకుని కంగారు పడక్కర్లేదు. పదేసి వక్కలకోసారి తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చాలి వక్క మరీ మొండికేస్తే రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచవచ్చు. ఆ రోజుకు కావాల్సినన్నే నానబెట్టాలి, మిగిలితే బూజు పడుతుంది. బూజు పట్టిన వక్క పారేయాల్సిందే, ఎండబెట్టి వాడుకోవడం కుదరదు.

ఆరోగ్యం మాట దాటేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదిక పొగాకు లేని వక్కను కూడా క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. రోజూ నమిలేవాళ్ళలో నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు కూడా వక్క వల్లే. నమలని ఇళ్ళలోనూ అడకత్తెరకు పని ఉంటుంది: శొంఠి, ఎండుకొబ్బరి, బాదం ముక్కలు చేయడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. పసుపుకొమ్ములు మాత్రం పెట్టొద్దు, అలుగు అంచు పెచ్చులూడుతుంది.

సున్నపుకాయ, అంటే ఆకుకు రాసే సున్నం పెట్టుకునే డబ్బా, విషయంలో ఏ లోహమన్నదే అసలు సంగతి. సున్నం ఘాటైన క్షారం. అల్యూమినియం డబ్బాలో తడిసున్నం వేస్తే లోహాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది, మూత గట్టిగా ఉంటే టప్పున లేస్తుంది. కొన్నాళ్ళకు డబ్బా లోపల గుంటలు పడతాయి, ఆ లోహమంతా వెళ్ళేది సున్నంలోకే. వెండి మేలు, స్టీలు సరే. ఇత్తడి సున్నపుకాయలే ఎక్కువ, వాటికి లోపల కళాయి ఉంటే మంచిది. ఆకారానికి జామకాయో, తామరమొగ్గో, చిన్న చెంబో ఏదైనా కావచ్చు. మూత మర తిప్పి బిగించేదిగా ఉందా అన్నది ముఖ్యం. గాలి తగిలితే సున్నం పైన పొర కట్టి సుద్దగా మారుతుంది, అది ఎంత పూసినా ఆకులో పండదు. పైన ఒక చెంచాడు నీళ్ళు నిలిచేలా చూసుకోవాలి. గొలుసుకు వేలాడే చిన్న పుల్ల ఉన్నవి సౌకర్యం. పుల్ల కొస చదునుగా ఉండాలి. గరిటెలా గుంటగా ఉంటే అవసరానికి మించి వస్తుంది, ఆకుకు పెసరగింజంత దాటితే నోరు పొక్కుతుంది. కొన్నిటికి గొలుసు మూత మధ్యలో కాకుండా అంచున అతికి ఉంటుంది. మూత తిప్పినప్పుడల్లా గొలుసు మెలిపడి నాలుగు నెలల్లో తెగుతుంది.

పాన్‌దాన్, అంటే తాంబూలం పెట్టె, దగ్గరికి వస్తే హైదరాబాద్ గుర్తుకు రాక మానదు. పాతకాలపు ముస్లిం పెళ్ళి ఒప్పందాల్లో భార్య సొంత ఖర్చుకిచ్చే సొమ్ముకు ఖర్చే పాన్‌దాన్ అనే పేరుండేది. నెలకు 500 రూపాయల అలాంటి సొమ్ము గురించిన దావా ఒకటి 1910లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. మన రాజుల కొలువుల్లో ఈ పెట్టెను అడపం అనేవారు, దాన్ని మోయడానికే అడపకాడు ఉండేవాడు. పెట్టె లోపల పైపళ్ళెంలో వక్క, లవంగం, యాలకులు, కాచు, సున్నం గిన్నెలు కూర్చుంటాయి, కింద అరలో తడిగుడ్డ చుట్టిన ఆకులు. కొనేటప్పుడు పళ్ళెం తీసి గిన్నెల్ని అటూ ఇటూ మార్చి పెట్టండి. ప్రతి గిన్నె ప్రతి గాడిలోనూ సరిపోవాలి. ఒక్కో గిన్నె తన గాడిలోనే కూర్చుంటే పోయిన గిన్నెకు జత దొరకదు. కింద అర కనీసం ఆకు పొడవంత ఉండాలి. చిన్నదైతే ఆకులు మడిచి కుక్కాలి, మడత దగ్గర నల్లబడి కుళ్ళు మొదలవుతుంది.

బిద్రీ పాన్‌దాన్ కన్నుకు విందు. నల్లటి ఒంటి మీద వెండి తీగలు చీకట్లో మల్లెతీగలా ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పని చూసినవారికి ఈ మాట అతిశయోక్తి అనిపించదు. బీదర్ పని కాబట్టి ఆ పేరు, 2006లో భౌగోళిక సూచిక (జి.ఐ.) గుర్తింపు వచ్చింది. మూలలోహం జింకు, అందులో రాగి పదహారో వంతు. కోట దగ్గరి మట్టి, నవాసాగరం కలిపిన నీళ్ళతో లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఇక్కడే జాగ్రత్త: జింకును సున్నం తింటుంది. బిద్రీ పెట్టెలో సున్నం గిన్నె స్టీలుదో వెండిదో విడిగా ఉండాలి, లేకపోతే ఆ పెట్టెను యాలకులకు, లవంగాలకు మాత్రమే వాడండి. చింతపండు, నిమ్మకాయ తగిలితే నలుపు లేచిపోతుంది. మెత్తటి గుడ్డకు కొంచెం కొబ్బరినూనె రాసి తుడవడమే దానికి స్నానం. నలుపు నిజమా, రంగా అని తెలుసుకోవడానికి అడుగున గోటితో గీకి చూడొచ్చు. పెయింటైతే పొరగా లేస్తుంది.

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పని పాన్‌దాన్లు రోజువారీ వాడకానికి బాగా సరిపోతాయి. రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు పూలు తేలుస్తారు కాబట్టి లోపలి వైపు గుంటలుంటాయి. లోపల మరో రేకు పొర వేసినదాన్నే ఎంచుకోండి, గుంటల్లో వక్కపొడి చేరదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పెట్టె చేతిలోకి తీసుకుంటే కింద పెట్టాలనిపించదు. వెండి తీగ మెలికల మధ్య అంతా సందులే కాబట్టి అందులో పచ్చి వక్కా సున్నమూ పెట్టడం పాపం. పొట్లం కట్టిన యాలకులు పెట్టి అతిథుల ముందుంచండి.

పళ్ళు లేనివారికి ఆకువక్క దంచే గొట్టం ఇప్పుడు అరుదు. ఇత్తడి గొట్టానికి అడుగున చెక్క బిరడా, లోపలికి ఉలి లాంటి కొస ఉన్న ఇనుప రోకలి. బిరడా తీయగలిగేదైతేనే కొనండి. తీయలేనిదైతే అడుగున చేరిన ముద్ద పులిసి వాసనేస్తుంది. రోకలి కొస గుండ్రంగా ఉంటే ఆకు నలుగుతుంది తప్ప వక్క నలగదు. గొట్టం బయట ఎంత చెక్కడం ఉన్నా ఫరవాలేదు గానీ, లోపలి గోడ నున్నగా ఉండాలి. వేలు పెట్టి తిప్పి చూడండి.

ఇత్తడి వస్తువులన్నిటికీ చింతపండు గుజ్జు రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టడం పాత పద్ధతే, పనిచేస్తుంది. అడకత్తెర చీలను మాత్రం పులుపులో ముంచకండి. లోపల తడి నిలిచి పచ్చగా చిలుము పట్టి బిగుసుకుంటుంది. కొత్త వస్తువుల మీద మెరుపు కోసం వార్నిష్ కొడుతున్నారు. నోట్లోకి వెళ్ళేవి పెట్టే గిన్నెల లోపల ఆ వార్నిష్ ఉండకూడదు. ఉంటే తీయించి కళాయి పోయించండి.

చివరగా తమ్మపడిగ, నమిలిన తాంబూలం ఉమ్మే పాత్ర. విప్పారిన వెడల్పు నోరు, సన్నటి మెడ, బరువైన అడుగు. చిమ్మకుండా, దొర్లకుండా ఉండటానికే ఆ రూపం. ఇప్పుడు దుకాణాల్లో దాన్నే పూలకుండీ అని అమ్ముతున్నారు, కొన్నవాళ్ళు డ్రాయింగ్ రూములో గులాబీలు పెడుతున్నారు. పెట్టుకోండి. నీళ్ళు మాత్రం మెడ కిందికే పోయండి. మెడ దగ్గర టంకం అతుకు ఉంటుంది, అక్కడి నుంచి కారి బల్ల మీద ఉంగరంలా మరక పడుతుంది.